కోపం పుట్టేది ఒకచోట, పడేది ఇంకొకరి మీద

పెద్దాఫీసరు గది బయట గంటన్నర కూర్చున్నా ముఖం చిట్లించని మనిషి, అదే రోజు సాయంత్రం విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరగాయలావిడ చిల్లర కోసం ఓ నిమిషం తడుముకుంటే "ఏటమ్మా, ఎంతసేపు?" అని గయ్యిమంటాడు. అదేమని అడిగితే "నాకు కోపమెక్కువండీ, మా నాన్నగారి పోలిక" అని తేల్చేస్తాడు. ఆ పోలిక పొద్దున ఆఫీసరు గది దగ్గర ఎందుకు బయటపడలేదో మాత్రం చెప్పడు.

రోజువారీ చిరాకుల్లో ఓపిక గురించి మాట్లాడాలంటే ఇక్కణ్ణుంచే మొదలెట్టాలి. ఓపిక దాదాపు అందరికీ ఉంటుంది. ఎవరి ముందు చూపించాలో, ఎవరి ముందు అక్కర్లేదో మనసు లోపల్లోపల లెక్క కట్టుకుంటుంది. తిరిగి ఏమీ అనలేనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క సడలిపోతుంది. డెలివరీ కుర్రాడు, ఆటో అబ్బాయి, కస్టమర్ కేర్ అమ్మాయి, ఇంట్లో భార్య, ఐదో తరగతి పిల్లాడు... మన కోపం తరచుగా ఎవరి మీద పడుతోందో ఒక కాగితం మీద రాసి చూస్తే, అందులో మనకన్నా బలమైనవాళ్లు కనిపించరు. అత్త మీద కోపం దుత్త మీద అని పెద్దలు ఊరికే అనలేదు.

అలాగని ఇదంతా మనిషి చెడ్డతనమేనని తీర్పు చెప్పేస్తే సగమే అర్థమైనట్టు. ఆ కోపం వెనకాల చాలాసార్లు మూడు మామూలు సంగతులు ఉంటాయి. చేతిలో టైము లేకపోవడం, ఆలస్యం ఎందుకో తెలియకపోవడం, ఒళ్లు అలసిపోయి ఉండడం. ఈ మూడూ గొడవ మొదలవకముందే సర్దుకోదగ్గవి. గొడవ మొదలయ్యాక సర్దుకోవడం కష్టం.

టైము సంగతి

1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, మతబోధకులు కాబోతున్న విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటుంది. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి ఒక బాటసారి ఆదుకున్న బైబిల్ కథ. వాళ్లు వెళ్లే దారిలోనే ఒక మనిషి ఒరిగిపోయి, దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తీరిగ్గా బయల్దేరినవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. కొద్దిగా తొందరపెట్టి పంపితే 45 శాతం. "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి" అని పంపినవాళ్లలో 10 శాతమే ఆగారు. ఏ అంశం మీద మాట్లాడబోతున్నారన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు.

గాజువాకలో బయల్దేరి పదింటికి సిరిపురంలో ఉండాల్సిన మనిషి సంగతి చూడండి. ఫోన్‌లో మ్యాపు 45 నిమిషాలంటుంది. ఆ 45లో అపార్టుమెంటు లిఫ్టు ఉండదు, బండి పార్కింగులోంచి తీసే టైము ఉండదు, అక్కడ చేరాక జాగా వెతుక్కునే టైమూ ఉండదు. సరిగ్గా 45 నిమిషాలు చేతిలో పెట్టుకుని బయల్దేరినవాడు ఎన్‌ఏడీ జంక్షన్ చేరేసరికే ఆలస్యంలో ఉంటాడు. అక్కణ్ణుంచి ముందున్న ప్రతి షేర్ ఆటో అతనికి శత్రువే.

దీనికి పని చేసే లెక్క ఒకటుంది. ఐదు పనిదినాలు ఇంటి గుమ్మం దాటిన టైము, ఆఫీసు కుర్చీలో కూర్చున్న టైము రాసిపెట్టుకోండి. ఆ ఐదింటినీ తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, నాలుగోదాన్ని మీ ప్రయాణం టైముగా ఖాయం చేసుకోండి. సగటు తీసుకుంటే దాదాపు సగం రోజులు ఆలస్యమవుతుంది. అన్నిటికన్నా ఎక్కువ పట్టిన రోజును తీసుకుంటే రోజూ ముందే వెళ్లి ఖాళీగా కూర్చోవాల్సి వచ్చి, వారం తిరక్కుండానే మానేస్తారు. నాలుగోది ఈ రెంటికీ మధ్య పడుతుంది. వాన రోజుల్లో దాని మీద ఇంకో పావుగంట వేసుకోవాలి.

ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే ఇంట్లోనే. పది నిమిషాలు మిగిలింది కదా అని మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా ఉందామనుకుంటారు. మిగులు టైము ఎప్పుడూ చేరాల్సిన చోటే వాడాలి, బయల్దేరే చోట కాదు. ఎంత చేసినా ఆలస్యం తప్పదనిపిస్తే, చెప్పిన టైముకి ముందే ఫోను చేసి "పదిహేను నిమిషాలు లేటవుతుందండీ" అనేయాలి. ఆ ఒక్క మాటతో మిగతా దారంతా గుండెల మీద బరువు ఉండదు. దాటాక చేస్తే అదే మాట సంజాయిషీ అయిపోతుంది.

ఎందుకో తెలియని ఆలస్యం

క్యూల మీద 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన తేల్చి చెప్పిన విషయాలు ఇవాళ్టికీ నిలుస్తున్నాయి. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసినదానికన్నా పొడుగ్గా అనిపిస్తుంది. కారణం చెప్పని ఆలస్యం, చెప్పినదానికన్నా ఎక్కువ మండిస్తుంది. వరస తప్పి ఎవడైనా ముందుకెళితే ఇక చెప్పక్కర్లేదు. సిగ్నల్ దగ్గర అంకెలు తగ్గుతూ కనిపిస్తే జనం ఇంజను ఆపి కూర్చుంటారు. ఆ అంకెల బోర్డు పాడైన రోజు అంతే టైముకి హారన్లు మోగిస్తారు.

మన విశాఖ రైల్వే స్టేషన్ ఇందుకు మంచి ఉదాహరణ. హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండి ఏదైనా విశాఖలోకి ఏ వైపు నుంచి వస్తుందో మళ్లీ ఆ వైపు నుంచే బయటికి పోవాలి. ఇంజనుతో నడిచే బండికి ఈ చివర విప్పి ఆ చివర తగిలించాలి. అందుకే అంతసేపు ఆగుతుంది. అందుకే అప్పటిదాకా ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్లు విశాఖ దాటాక వెనక్కి ప్రయాణం చేస్తారు. విజయనగరం వైపు నుంచి వచ్చేవీ, దువ్వాడ వైపు నుంచి వచ్చేవీ, రెండు వైపులకీ వెళ్లేవీ అన్నీ ఒకే ముఖద్వారం గుండా పోవాలి కాబట్టి, మర్రిపాలెం దగ్గర అవుటర్‌లో బండి నిలబడిపోవడం మామూలు. విశాఖలోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోయే బండ్లు ఉండడానికి కారణం కూడా ఇదే. ఈ సంగతి తెలిసినవాడు అవుటర్‌లో సంచులు సర్దుకుంటాడు. తెలియనివాడు తలుపు దగ్గర నిలబడి రైల్వేని తిడతాడు. ఇద్దరూ దిగేది మాత్రం ఒకే నిమిషంలో.

ఇంకో ఉదాహరణ రోజూ ఏదో ఒక కిరాణా కొట్లో జరిగేది. ఫోన్ పట్టి స్కాన్ చేస్తారు. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజి వచ్చేస్తుంది. కొట్టాయన బాక్సు మాత్రం పలకదు.

"సౌండు రాలేదు బాబూ."

"ఇదిగో, కటింగ్ అయిపోయిందన్నా! చూడు."

"నాకు పడలేదమ్మా మరి, నేనేటి సెయ్యను?"

వెనకాల నలుగురు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడనే అనిపిస్తోంది. ఇక్కడ ఓపిక కన్నా ముందు కావాల్సింది సమాచారం. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, యూపీఐలో డబ్బు కట్ అయి కొట్టుకి చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది తిరిగి మన ఖాతాలో పడాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపినదైతే ఒక్క రోజులోనే. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అంటే ఆ డబ్బు ఎక్కడికీ పోదు, కొట్టాయన జేబులోకి అంతకన్నా పోదు. చెయ్యాల్సింది ఇంతే: స్క్రీన్ మీద "పెండింగ్" అని ఉంటే వెంటనే రెండోసారి స్కాన్ చెయ్యొద్దు, మొదటిది కాసేపటికి వెళ్లిపోతే రెండుసార్లు కట్టినట్టవుతుంది. నగదు ఉంటే ఇచ్చేసి, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉన్న తెరను ఫొటో తీసి కొట్టాయనకి పంపండి. "మీకు పడితే చెప్పండన్నా, రేపు సరిచేసుకుందాం" అనండి. తెలిసిన కొట్టయితే నగదు లేకపోయినా ఇదే మాట సరిపోతుంది.

కరెంటు పోయినప్పుడూ అంతే. ముందు మన మీటరు దగ్గర ఎంసీబీ స్విచ్చు పడిందేమో చూడాలి, తర్వాత ఎదురింట్లో ఉందో లేదో చూడాలి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేసేటప్పుడు బిల్లు మీది సర్వీసు నంబరు చేతిలో ఉండాలి, పోయింది ఒక్క ఇంటికా, వీధంతానా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పాలి. లైన్‌మన్ రావడానికి పట్టే టైము మన అరుపుతో తగ్గదు. ఈ రెండు ముక్కలతో కొంత తగ్గొచ్చు.

ఒంటి సంగతి

మే నెలలో విశాఖలో చెమట పడుతుంది గానీ ఆరదు. సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఉష్ణోగ్రత మరీ ఎక్కువ లేకపోయినా ఒళ్లు చల్లబడదు. దీనికీ కోపానికీ సంబంధం ఉందని అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో చేసి 1986లో ప్రచురించిన పరిశోధన చూపించింది. ఆకుపచ్చ లైటు పడ్డా కదలకుండా ఒక కారుని నిలబెట్టి, వెనకవాళ్లు హారన్ ఎంతలా కొడతారో లెక్కపెట్టారు. ఎండ పెరిగినకొద్దీ హారన్లు పెరిగాయి. కిటికీ అద్దాలు దించుకున్న కార్లలో, అంటే ఏసీ లేనివాళ్లలో, ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. నిద్ర కూడా ఇంతే. రెండు రాత్రులు నాలుగున్నర గంటలే పడుకున్నవాళ్లకి మామూలు రొదే ఎక్కువ కోపం తెప్పించిందని ఇంకో పరిశోధన తేల్చింది. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి వచ్చిన మనిషితో పొద్దున్నే స్కూలు ఫీజు గొడవ పెట్టకూడదని స్టీలు ప్లాంటు ఉద్యోగులుండే ఉక్కునగరం ఇళ్లలో ఆడవాళ్లకి ఏ పరిశోధనా చెప్పక్కర్లేదు.

కోపం ఒంట్లోకి వచ్చేశాక ఏం చెయ్యాలి? శ్వాస మీద అందరూ సలహా ఇస్తారు గానీ, సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా తీసుకుని, 6 లెక్కపెట్టేదాకా వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఓ రెండు నిమిషాలు చాలు. గుండె వేగాన్ని తగ్గించే నాడి వదిలే ఊపిరితో పాటు ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి వదలడమే పొడుగ్గా ఉండాలి. జనం చేసే తప్పు, గట్టిగా, లోతుగా, గబగబా ఊపిరి పీల్చడం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కంగారు పెరుగుతుంది. లోతు అక్కర్లేదు, నెమ్మది కావాలి. బండి నడుపుతూ లెక్కలు పెట్టొద్దు. అప్పుడు హ్యాండిల్ మీద పట్టు వదులు చేసి, భుజాలు దించి, బిగుసుకున్న దవడ వదిలితే సరిపోతుంది.

"లోపల పెట్టుకోకూడదు, కక్కేస్తే పోతుంది" అన్నది మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం. ఇది తప్పు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమని అవమానించినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగుని గుద్దినవాళ్లకి కోపం పెరిగింది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నవాళ్లే తర్వాత తక్కువ దూకుడుగా ఉన్నారు. 2024లో ఆయన, సోఫీ కెర్విక్ కలిసి 154 పరిశోధనల్ని కలిపి చూస్తే, ఒంటిని చల్లబరిచే పనులు కోపాన్ని తగ్గించాయి, వేడెక్కించేవి మొత్తం మీద తగ్గించలేదు. ఆ వేడెక్కించేవాటిలో పరుగు కూడా ఉంది. ఆరోగ్యానికి పరుగు మంచిదే. కోపంగా ఉన్నప్పుడు బీచ్ రోడ్డులో పరిగెత్తితే మాత్రం, ఆ వేడి కోపానికే కలిసొస్తుంది. నడవండి, చాలు.

ఇందులోనే ఇంటి గొడవల కీలకం కూడా ఉంది. ఒంట్లో రేగిన అలజడి మనం తగ్గిందనుకున్న తర్వాత కూడా కొంతసేపు మిగిలి ఉంటుందని, తర్వాత ఎదురైన చిన్న విషయానికి అది అతుక్కుంటుందని డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో చూపించారు. మద్దిలపాలెం దగ్గర బస్సువాడితో పడ్డ గొడవ ఇంటికొచ్చాక పిల్లాడి లెక్కల పుస్తకం మీద పడడం ఇలాగే. కాబట్టి ఇంట్లోకి అడుగుపెట్టిన మొదటి పావుగంటలో బిల్లులు, మార్కులు, అత్తగారి ఫోను సంగతులు ఎత్తకూడదని భార్యాభర్తలిద్దరూ ఒప్పందం చేసుకోవడం మేలు. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, చొక్కా మార్చుకునేదాకా అన్నమాట. బయటి నుంచి వచ్చినవాళ్లకి ఉన్న ఈ వెసులుబాటు, రోజంతా ఇంట్లో పిల్లలతో వేగినవాళ్లకీ ఒక పావుగంట ఉండాలి. లేకపోతే అది ఒప్పందం అనిపించుకోదు.

"కావాలనే చేశాడు"

మనం ఆలస్యంగా వెళితే ట్రాఫిక్. వాడు ఆలస్యంగా వస్తే నిర్లక్ష్యం. ఎదుటివాడి తప్పుకి పరిస్థితుల్ని పట్టించుకోకుండా వాడి గుణాన్నే కారణంగా చూపడం మనుషుల్లో బాగా ఉన్న అలవాటని లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో గట్టిగా చెప్పారు. దీనికి విరుగుడుగా "పాపం వాళ్లమ్మకి ఒంట్లో బాలేదేమో" అని కథలు అల్లుకోమని కొందరంటారు. ఆ కథ మీద మనకే నమ్మకం ఉండదు కాబట్టి అది నిలవదు. అంతకన్నా నమ్మదగ్గ ప్రశ్న ఒకటుంది: నేను ఈ పనే ఎప్పుడు చేశాను? ఇండికేటర్ వెయ్యకుండా తిరగడం, లైన్లో ఉండగా ఫోను మాట్లాడడం, మెట్ల మీద అడ్డంగా నిలబడడం. దాదాపు ప్రతిదానికీ జవాబు దొరుకుతుంది.

రోజూ ఒకేచోట చిరాకు వస్తుంటే ముందే ఒక వాక్యం కట్టుకోవడం పనిచేస్తుందని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చెబుతాయి. వాక్యంలో ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ఉండాలి. "వెనకాల బండి హారన్ కొడితే, ఎడమకి జరిగి దారిస్తాను." "పిల్లాడు మూడోసారి అదే ప్రశ్న వేస్తే, కుర్చీలో కూర్చుని జవాబిస్తాను." కూర్చోవడం చిన్నదే, కానీ నిలబడి అరిచినంత తేలిగ్గా కూర్చుని అరవలేం. "ఇకనుంచి ఓపిగ్గా ఉంటాను" అన్నది పనికిరాదు, ఎప్పుడు ఏం చెయ్యాలో అందులో లేదు. ఒకేసారి ఐదు వాక్యాలు పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుండదు.

కౌంటర్ దగ్గర

వార్డు సచివాలయంలోనో బ్యాంకులోనో సగం గొడవలు ఒక జిరాక్సు దగ్గర మొదలవుతాయి. ఒరిజినల్, రెండేసి జిరాక్సులు, రెండు ఫొటోలు, పెన్ను, ఆధార్‌కి లింకైన నంబరున్న ఫోను చార్జింగ్‌తో దగ్గరుంచుకుని వెళ్లాలి. ఓటీపీ కొడుకు ఫోనుకి వెళ్తుంటే, ఆ కొడుకు డ్యూటీలో ఫోను ఎత్తకపోతే, కౌంటర్లో ఉన్న అమ్మాయి చేయగలిగింది ఏమీ లేదు.

మాట తీరు విషయానికొస్తే, "ఎందుకవదు?" అన్న ప్రశ్నకి ఎదుటివాళ్లు తమని తాము కాచుకునే జవాబే ఇస్తారు. "సర్వర్ డౌనండీ." అదే చోట "ఇవాళ ఇందులో ఎంతవరకు అవుతుందమ్మా? మిగతాదానికి నేనేం తెచ్చుకోవాలి?" అని అడిగితే, దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వడమో, ఏ టైముకి సర్వర్ ఖాళీగా ఉంటుందో చెప్పడమో జరగొచ్చు. పేరు తెలిస్తే పేరుపెట్టి గారు అనండి. మూడో అంతస్తులో లిఫ్టు లేకపోతే డెలివరీ అబ్బాయికి ఎదురు దిగండి. మే నెలలో అయితే ఒక గ్లాసు నీళ్లు పట్టుకుని దిగండి.

పళ్లు బిగబట్టి నవ్వడాన్ని మాత్రం ఓపిక అనుకోవద్దు. మనసులోని భావాల్ని ముఖం మీద కనబడకుండా అణిచిపెట్టి మాట్లాడినప్పుడు, ఎదుట కూర్చున్న మనిషికి కూడా రక్తపోటు పెరిగిందని 2003లో ఎమిలీ బట్లర్ బృందం కొలిచి చూపించింది. "ఇది మూడోసారి తిరగడమండీ, నాకు ఇబ్బందిగా ఉంది" అని మామూలు గొంతుతో చెప్పెయ్యడం ఇద్దరికీ నయం. అప్పటికీ పని కాకపోతే రసీదు నంబరు, తేదీ రాసుకుని పై అధికారికి, ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అర్జీ పెట్టుకోవచ్చు. ఓపిక ఉన్నవాడు ఫిర్యాదు చెయ్యకూడదని ఎక్కడా లేదు. అర్జీలో బూతులు లేకపోతే అది ముందుకి కదులుతుంది, అంతే.

ఓపిక పట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి. ఛాతీలో నొప్పి వస్తున్నవాళ్లని ఓపీ క్యూలో నిలబెట్టకూడదు, గొంతు పెంచైనా క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి, 108కి ఫోను చెయ్యాలి. ఇంట్లో చెయ్యి చేసుకునేవాడి దగ్గర "సర్దుకుపోమ్మా" అన్న సలహా ఓపిక పేరుతో చేసే అన్యాయం. మహిళలకి 181 ఉంది, అత్యవసరమైతే 112. మన ఇళ్లలో ఓపిక ఉండాలని ఎవరికి ఎక్కువగా చెబుతున్నామో గమనిస్తే, అది కోడలికే, కొడుక్కి చాలా అరుదు. ఇక ఇంతకుముందు లేని చిరాకు వారాల తరబడి ఉండి, నిద్రా ఆకలీ చెడితే దాన్ని గుణం కింద వదిలేయొద్దు. థైరాయిడ్ ఎక్కువైనా, పొగతాగడం మానేసిన కొత్తలోనైనా ఇలా ఉంటుంది. ముందు డాక్టరు చేత రక్తపరీక్ష చేయించాలి. మనసు విప్పి మాట్లాడడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బేమీ ఉండదు.

ఇవన్నీ తెలిసినా ఒకరోజు ఎవరి మీదో అరిచేస్తాం. అప్పుడు చెప్పే క్షమాపణలో మూడు ముక్కలుంటే చాలు: ఏం చేశానో, అది తప్పని, ఇప్పుడేం చేస్తానో. "అందరి ముందూ నీ మీద అరిచాను బాబూ, తప్పు నాదే. నీకు ఇవ్వకుండా ఆపిన ఆ ముప్పై రూపాయలు తీసుకో." ఆ తర్వాత "కానీ నువ్వు కూడా..." అని మొదలెడితే ముందు చెప్పిందంతా పోయినట్టే. నిజంగా చెప్పాల్సింది ఉంటే మర్నాడు చెప్పండి. అందరి ముందూ అరిచినప్పుడు క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లలకైతే పడుకునేలోపు.